ఐడిల్‌లో నిలబెట్టే చెయ్యి

యాక్సిలరేటర్ తిప్పితే ఆర్‌ఎక్స్ 100 ఎవరి చేతిలోనైనా మోగుతుంది. చెయ్యి వదిలాక కూడా సిగ్నల్ దగ్గర ఒకే లయలో కొట్టుకుంటూ నిలబడిందంటే మాత్రం, దాని వెనక మంచి మెకానిక్ ఉన్నట్టే. 1985 నుంచి 1996 దాకా తయారైన ఈ టూస్ట్రోక్ బండ్లను మన ఊళ్లలో ఇంకా ముద్దుగా నడుపుకుంటున్నవాళ్లున్నారు. వాటి మికునీ వీఎం 20 కార్బొరేటర్‌ను దారికి తెచ్చే పనిలో సగం నేర్పు పానా పట్టుకోకముందే కనిపిస్తుంది.

బండి ఐడిల్‌లో ఆగిపోతోందనగానే ఐడిల్ స్క్రూ బిగించి పంపేసేవాళ్లున్నారు. లోపల స్లైడ్ కాస్త పైకి లేస్తుంది, రేస్ పెరుగుతుంది, జబ్బు మరుగున పడుతుంది. అసలు కారణం ఎక్కడినుంచో దూరే దొంగగాలి అయితే బండి లీన్‌గా నడిచి, వేడెక్కి, పిస్టన్ సీజ్ అయ్యే ప్రమాదం అలాగే ఉండిపోతుంది. పని తెలిసినవాడు తొందరపడడు. ప్లగ్ విప్పి రంగు చూస్తాడు. ట్యాంకు మూతలోని గాలిరంధ్రం, పెట్రోల్ ట్యాప్, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్‌లో పేరుకున్న కార్బన్ వరసగా చూసుకున్నాకే కార్బొరేటర్ జోలికి వస్తాడు.

అప్పుడైనా ముందు ఇంజన్‌నే అడుగుతాడు. చోక్ వేస్తే నడిచి, తీస్తే ఆగిపోతుంటే ఐడిల్‌కి చాలినంత పెట్రోల్ అందడం లేదన్నమాట. పైలట్ జెట్ మూసుకుపోయి ఉండాలి, లేదా ఎక్కడో గాలి దూరుతుండాలి. ఈ రెంటినీ విడదీయడానికి చెవే పనిముట్టు. యాక్సిలరేటర్ వదిలాక రేస్ వెంటనే దిగక పైనే వేలాడుతుంటే మొదటి అనుమానం గాలి మీదే. ఇంజన్ వైపున్న రబ్బరు పగిలినా, క్రాంక్ సీల్ అరిగినా కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

జెట్టే దోషి అని తేలితే విప్పుతాడు. ఎయిర్ స్క్రూని తీసేముందు మెల్లగా లోపలికి తిప్పి, అడుగు తగిలేదాకా ఎన్ని చుట్లు పట్టిందో గుర్తుపెట్టుకుంటాడు. గట్టిగా బిగిస్తే దాని సన్నటి మొన పాడవుతుంది. పైలట్ జెట్ ఇత్తడిది, మెత్తన. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేకపోతే గాడి చెరిగిపోతుంది, జెట్ లోపలే ఉండిపోతుంది. బయటికి తీసి వెలుతురుకి ఎత్తిపడితే, అర మిల్లీమీటరు కన్నా సన్నటి రంధ్రంలోంచి వెలుగు చుక్క కనిపించాలి. కనిపించకపోతే ఆరిపోయిన పెట్రోల్ జిగురు అక్కడ గట్టిపడిందన్నమాట. ఇనప తీగతో పొడిస్తే ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది, ఆపైన ఏ స్క్రూ తిప్పినా మిశ్రమం కుదరదు. అందుకే క్లీనర్‌లో నానబెట్టడం, గాలి కొట్టడం, మరీ మొండికేస్తే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు పనివాడి గుర్తు ఆ తర్వాత వస్తుంది. జెట్ దాటిన పెట్రోల్ బయటికొచ్చే సన్నని రంధ్రాలు స్లైడ్ కింద, గొట్టం గోడలో ఉంటాయి. అవి మూసుకుంటే కొత్త జెట్ వేసినా దండగే. ఎయిర్ స్క్రూ రంధ్రంలోంచి క్లీనర్ కొట్టి, అవతల ఆ రంధ్రాల్లోంచి ధార వస్తోందో లేదో కళ్లారా చూసి కానీ అతను బిగించడు. గాలి కొట్టేముందు ఫ్లోట్‌నీ రబ్బరు భాగాలనీ తీసి పక్కన పెడతాడు.

ట్యూనింగ్ వేడెక్కిన ఇంజన్ మీదే. ఎయిర్ స్క్రూని గుర్తుపెట్టుకున్న చుట్ల దగ్గరే నిలిపి మొదలుపెడతాడు. ఈ స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటుంది కాబట్టి లోపలికి తిప్పితే గాలి తగ్గి మిశ్రమం చిక్కనవుతుంది, బయటికి తిప్పితే పల్చనవుతుంది. పావు చుట్టు తిప్పి ఆగుతాడు, ఇంజన్ సర్దుకునేదాకా వింటాడు, మళ్లీ తిప్పుతాడు. రేస్ అన్నిటికన్నా ఎక్కువ పలికిన చోట వదిలి, అప్పుడు ఐడిల్ స్క్రూతో కిందికి దించుతాడు. ఒకసారికి ఒక్కటే మార్పు, అందుకే దేనివల్ల ఏం జరిగిందో అతనికి తెలుస్తుంది. చివరగా హ్యాండిల్ ఇటు అటు పూర్తిగా తిప్పి చూస్తాడు. రేస్ మారితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుతుగా ఉందన్నమాట.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బైకులు చాలావరకు ఇంజెక్షన్‌కి మారాయి. పాత బండ్లకు మాత్రం ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుని కొత్త చిక్కులు తెస్తోంది. నెలల తరబడి బండిని నిలిపేవాళ్లు ట్యాప్ కట్టి, ఫ్లోట్ ఛాంబర్‌లోని పెట్రోల్ ఖాళీ చేస్తే, ఆ మెకానిక్ చేసిన పని చాలాకాలం నిలుస్తుంది.