నాలుగు మొక్కల చరిత్ర, మరి రంగుల మాటేమిటి?

అమెరికా ఆగ్నేయ ప్రాంతపు చెరోకీ స్త్రీల గురించి, వాళ్ళల్లే బుట్టల గురించి సారా హిల్ రాసిన ‘వీవింగ్ న్యూ వరల్డ్స్’ 1997లో వచ్చింది. యుద్ధాలు, ఒప్పందాల వారీగా కాకుండా బుట్టకి వాడిన మొక్కల వారీగా చరిత్ర చెప్పారావిడ: రివర్‌కేన్, వైట్ ఓక్, హనీసకుల్, రెడ్ మేపుల్. ఈ ఒక్క నిర్ణయమే పుస్తకానికి ప్రాణం.

రివర్‌కేన్ అంటే ఆ నేలకి సొంతమైన వెదురు. ఏటి ఒడ్డున పెరుగుతుంది. వలస వచ్చినవాళ్ళు ఆ ఒడ్డుల్నే దున్నారు, పశువుల్ని మేపారు. వెదురు తగ్గేకొద్దీ ఓక్ బద్దల వాడకం పెరిగింది. 1838లో సైన్యం చెరోకీల్లో ఎక్కువమందిని పడమటికి తరిమేసింది. ఆ తర్వాత కథంతా ఉత్తర కరోలినా కొండల్లో మిగిలినవాళ్ళది. హనీసకుల్ అయితే జపాన్ తీగ. అది కలుపులా అడవిలోకి పాకితే, వీళ్ళు దాన్నీ బుట్టల్లోకి తెచ్చుకున్నారు. అలాంటి బుట్ట సంప్రదాయమేనా అని అడిగేవాళ్ళకి ఈ పుస్తకం గట్టి జవాబు.

నా పేచీ రంగుల దగ్గర. బ్లాక్ వాల్‌నట్‌తో గోధుమరంగు, బటర్‌నట్‌తో నలుపు, బ్లడ్‌రూట్ వేరుతో నారింజ. బద్దలు మారినా, బజారు రంగులు వచ్చినా, వీటిని వదిలెయ్యలేదు. మార్పుకి సాక్ష్యం బద్ద అయితే, కొనసాగింపుకి సాక్ష్యం రంగు. అయినా ఈ రంగు మొక్కలకి పుస్తకంలో సొంత భాగం లేదు.

ఇది చిన్న లోటేం కాదు. అల్లికని బుట్ట చూసి కొంతవరకు రాబట్టొచ్చు. 1930ల చివర్నుంచి చెరోకీ బడిలో అల్లిక నేర్పిన లాటీ స్టాంపర్, బ్రిటిష్ మ్యూజియంలోని పాత బుట్ట ఫొటో చూసి జంట అల్లిక పట్టుకున్నారు. లోపలొక బుట్ట, బయటొక బుట్ట, రెండూ తెగకుండా ఒకే అల్లికగా సాగే పని అది. బద్దల లెక్క ఫొటోలో దొరుకుతుంది. ఏ వేరు ఎక్కడ తవ్వాలో, ఎంతసేపు ఉడికించాలో దొరకదు. పైగా బ్లడ్‌రూట్ వేరంతా తవ్వేస్తే ఆ మొక్క పోయినట్టే. కొన్ని వదలాలన్న ఎరుక అడవిలో తిరుగుతూ, పెద్దవాళ్ళ వెంట నడుస్తూ నేర్చుకునేది. నేల చేజారితే దానికీ చోటుండదు.

చదవడం తేలికేం కాదు, వివరాలు దండిగా ఉన్నాయి. కానీ చదివాక మ్యూజియం అద్దం వెనక బుట్ట కనబడితే, డిజైన్ కంటే ముందు ఇది ఏ మొక్క అని అడుగుతాం. ఆ రంగు ఏ వేరుది అని కూడా అడగాలి.