నాంపల్లి ఏ గణం?

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. కొన్నేళ్ల కిందట అక్కడ నాకొక ఛందస్సు పుస్తకం దొరికింది. అట్ట లేదు. లోపల పద్యాల మీద ఎవరో పెన్సిలుతో గురువుకు కొక్కెం, లఘువుకు నిలువు గీత పెట్టుకుంటూ పోయారు. ఒక మత్తేభం మూడో పాదం దగ్గర మాత్రం గుర్తులు పెట్టి, చెరిపి, మళ్లీ పెట్టి, మళ్లీ చెరిపారు. కాగితం అక్కడ పలచబడింది. ఆ తర్వాతి పేజీల్లో ఒక్క గుర్తు కూడా లేదు. అడగడానికి మనిషి దొరక్క చదువు అక్కడే ఆగిందని నాకు తోచింది.

పద్యానికి అసలు కరువు పుస్తకాలది కాదు, తప్పు పట్టే చెవిది. ఆ చెవిని ఇప్పుడు ఫోను తిరిగి తెస్తోందని నా నమ్మకం.

లెక్క కష్టమైనది కాదు. దీర్ఘం గురువు. సున్న ఉన్న అక్షరం, విసర్గ ఉన్న అక్షరం, పొల్లు ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గురువులే. మిగిలినవి లఘువులు. ‘నాంపల్లి’ తీసుకోండి. నాం గురువు, ల్లికి ముందున్న ప గురువు, ల్లి లఘువు. అంటే త గణం. ‘అబిడ్స్’ లఘువూ గురువూ కలిసిన వ గణం. ఉత్పలమాల పాదం చివర చక్కగా కూర్చుంటుంది. శార్దూలంలో మ స జ స త త గ గణాలు వస్తాయి, యతి పదమూడో అక్షరం, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొసగాలి. తొలి త గణం మొదలయ్యేదీ అక్కడే. కాబట్టి నాంపల్లిని అక్కడ పెడితే పాదం ‘నా’తో మొదలుపెట్టవచ్చు. నేను కట్టుకున్న పాదం ఇది:

నాకుం బద్యము నేర్పె నీ నగరమే నాంపల్లి దారుల్ గనన్

‘ఛందం’ అనే సాఫ్ట్‌వేర్ ఫోన్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పద్యం టైపు చేస్తే గురులఘువులు విడదీసి, ఏ వృత్తమో చెప్పి, యతిప్రాసలు సరిచూస్తుంది. పెన్సిలు మనిషికి వారాలు పట్టిన పని రెప్పపాటులో అయిపోతుంది. అనుమానమున్న మాటను ‘ఆంధ్రభారతి’ సైట్‌లో వెతికితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒకే తెరమీద పలుకుతాయి. అయితే పక్కపక్కనున్న రెండు మాటలు సంస్కృత సమాసమైతే రెండో మాట మొదట్లోని ఒత్తక్షరం తన ముందున్న అక్షరాన్ని గురువు చేస్తుంది. విడి తెలుగు మాటలైతే సాధారణంగా చేయదు. అది తేల్చాలంటే అర్థం తెలియాలి. అక్కడ మనిషే కావాలి.

ఆ మనుషులు వాట్సాప్ గ్రూపుల్లో దొరుకుతున్నారు. పొద్దున ఒక సమస్య వస్తుంది. వినగానే తప్పనిపించే పాదం ఇవ్వడం, మిగతా మూడు పాదాలతో దాన్ని ఒప్పించడం ఈ ఆట. కంసుడి మేనల్లుడు రాముడని సమస్య ఇచ్చారనుకోండి. సమస్య పాదం ‘రాముడు’తో మొదలైతే, మూడో పాదం చివర ‘బల’ అని ఆపితే చాలు, బలరాముడై కూర్చుంటాడు. ఒకప్పుడు సైఫాబాద్‌లోని ఆకాశవాణి సమస్యాపూరణానికి శ్రోతలు ఉత్తరాలు రాసి, తమ పేరు వస్తుందేమోనని రేడియో దగ్గర కాచుకునేవారు. కంది శంకరయ్య ‘శంకరాభరణం’ బ్లాగులో రోజుకో సమస్య ఇచ్చి పూరణల తప్పొప్పులు చెబుతూ వచ్చారు. ఇప్పుడు గంటలోపే ఎవరో ఒకరు “రెండో పాదంలో యతి చూడు నాయనా” అంటారు. ఒకసారి జగదీశ్ మార్కెట్‌లో ఫోను తెర మార్పించుకున్నాక, అది చేతికి రాగానే నేను మొదట చూసుకున్నది ఆ మాట కోసమే.

విడివిడిగా ఉన్న కవులు ఇలా కలుసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఎక్కడెక్కడో విడివిడిగా రాసుకుంటున్నవాళ్లు అందులో ఒకరికొకరు కనబడ్డారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో వెలసిన తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. గ్రూపులో కొత్త పేరు చేరినప్పుడల్లా నాకు ఆ సంచికే గుర్తొస్తుంది.

పద్యానికి ఇంకొకటి కూడా కావాలి, పాట. 1943లో పుట్టి తిలక్ రోడ్డులో నిలిచిన సారస్వత పరిషత్తులో అవధానం వింటున్నప్పుడు దాని విలువ బాగా తెలిసింది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతుంటే అవధాని దారి మార్చుకుంటూ పోతారు. చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పగిస్తారు. ఆయన్ను నడిపించేది కంటికి కనిపించే అక్షరం కాదు, లోపల మోగుతున్న నడక. అందుకే గ్రూపులో నేను పద్యాన్ని టైపు చేసి వదలను, చదివి వాయిస్ మెసేజ్ పెడతాను. విరుపు ఎక్కడో, ఊపిరి ఎక్కడో గొంతే చెబుతుంది.

ఒకరోజు ఆ పెన్సిలు మత్తేభాన్ని అలాగే చదివి పంపాను. మూడో పాదం ఫోనులోనూ తప్పే చూపింది. రాత్రి ఒక పెద్దాయన అదే పద్యాన్ని కంఠస్థంగా పాడి పంపారు. “నాలుగో అక్షరం మీద సున్న ఉండాలమ్మా, అచ్చులో ఎగిరిపోయింది. అప్పటిదాకా మీరు లెక్కపెట్టింది సరిగ్గానే ఉంది” అన్నారు.

పుస్తకం తీసి, పలచబడిన ఆ కాగితం చిరగకుండా, పెన్సిలుతోనే సున్న చుట్టాను.