గాయం పెరగదు, మరి కాళ్లెందుకు ముడుచుకుంటాయి?

సర్కారు కాగితాల్లో మస్తిష్క పక్షవాతమని రాసే సెరెబ్రల్ పాల్సీ, బిడ్డ కడుపులో ఉండగానో, కాన్పు వేళనో, పుట్టిన తొలినాళ్లలోనో ఎదుగుతున్న మెదడు దెబ్బతినడం వల్ల కదలికలోనూ శరీరపు నిలకడలోనూ ఏర్పడే శాశ్వత లోపం. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, పచ్చకామెర్లు ముదరడం దీని కారణాల్లో కొన్ని. బిగుతు రెండు కాళ్లలో ఎక్కువగా ఉంటే డైప్లీజియా అనీ, ఒక పక్క చేయీ కాలూ దెబ్బతింటే హెమిప్లీజియా అనీ, కాళ్లూ చేతులూ నాలుగూ పట్టు తప్పితే క్వాడ్రిప్లీజియా అనీ వైద్యులు చీటీలో రాస్తారు.

ఈ పేర్లన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, సగమే అర్థమయ్యే ‘ఇది ముదిరే జబ్బు కాదు’ అన్న మాట. మెదడులోని గాయం పెరగదన్నది నిజమే కానీ, ఎముక పొడవు పెరుగుతున్నప్పుడు బిగుసుకున్న కండరం దానితో సమంగా సాగదు కాబట్టి, వ్యాయామం ఆగిన బిడ్డకు మోకాలు వంగి, మడమ పైకి లేచి, కొన్నాళ్లకు ఎవరు చాపినా కీలు చాచుకోని స్థితి వస్తుంది. దీన్నే కాంట్రాక్చర్ అంటారు. స్పాస్టిసిటీ అనే ఈ బిగుతు, ఎంత వేగంగా లాగితే అంతగా ఎదురు తిరుగుతుంది. అందుకే పిడికిట్లో ఇరుక్కున్న బొటనవేలిని కొస పట్టి గుంజకూడదు. మొదలు దగ్గర పట్టి, అరచేయి వదులయ్యేదాకా ఆగి, మెల్లగా తెరవాలి.

వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిన ఏడాది అనంతపురం పల్లెల నుంచి తల్లిదండ్రులు బెంగళూరు పనులకు వలసపోతే, బిడ్డ అవ్వ దగ్గర మిగిలి, రోజూ జరగాల్సిన ఈ సాధన నెలల తరబడి ఆగిపోతుంది. 1969లో ఈ జిల్లాలో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఊళ్లలో వికలాంగుల సంఘాలను నిలబెట్టింది, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు భవిత కేంద్రాలు ఉన్నాయి; అయినా అవ్వ చేతికి ఆ పని నేర్పనిదే ఫలితం నిలవదు.

మాట స్పష్టంగా రాని బిడ్డకు బుద్ధి లేదని తేల్చేయడం మరింత బాధాకరం. నోటి కండరాలు పట్టు తప్పడం వేరు, తెలివి వేరు. కొందరిలో రెండు ఇబ్బందులూ కలిసి ఉండవచ్చు గానీ, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సెరెబ్రల్ పాల్సీని చలన వైకల్యాల్లో చేర్చి, బుద్ధి వైకల్యాన్ని విడిగా ఉంచింది. 1997లో కెనడా పరిశోధకులు ప్రకటించిన జీఎంఎఫ్‌సీఎస్ అనే ఐదు మెట్ల కొలత కూడా బిడ్డ కూర్చోవడాన్నీ నడకనూ చూస్తుందే తప్ప తెలివిని కొలవదు.

సదరం అనే సర్కారు ధ్రువపత్రంలో వైకల్య శాతం ఎంత పడిందో చూసుకోవడంతో ఆగకుండా, బిడ్డది ఏ రకమో, ఎన్నో మెట్టో, ఇంట్లో ఏ వ్యాయామం ఎలా చేయించాలో తల్లిదండ్రులు వైద్యుడిని అడిగి తెలుగులో రాయించుకోవాలి. వలసపోయే ముందు ఆ కాగితాన్ని అవ్వకు చదివి వినిపించి, ఆమె చేత ఒకసారి చేయించి చూడాలి.