పరుగు ఆగిన తరువాత

జూన్‌లో బడులు తెరిచే వారంలో, హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి ఉన్న పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా పరచుకున్న పిల్లల క్లినిక్కులకు తల్లిదండ్రులు ఒక చీటీ కోసం వస్తారు: ఉబ్బసం ఉన్న బిడ్డకు ఆటల పీరియడ్ నుంచి మినహాయింపు. ఆ బిడ్డ ఎంతసేపు పరుగెత్తగలడో కొలవకుండానే ఏడాదంతా కూర్చోబెట్టే ఆ కాగితం మీద ఈ కాలమ్‌కున్న కోపం పాఠకులకు పాతదే. విరుగుడుగా ఆరు నిమిషాల నడక పరీక్షను ఇక్కడ సమర్థిస్తూ రావడమూ పాతదే.

ఆరు నిమిషాలలో బిడ్డ ఎంత దూరం నడవగలడో కొలిచే ఆ పరీక్షకు 30 మీటర్ల తిన్నని వరండా, రెండు చివర్లా మలుపు గుర్తులు, గడియారం, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూసే పల్స్ ఆక్సీమీటర్ చాలు. దీర్ఘకాలిక బ్రాంకైటిస్ రోగులకు 1976లో 12 నిమిషాల నడకగా మొదలై, 1982లో ఆరుకు తగ్గి, 2002లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ నియమాలతో స్థిరపడిన ఈ పద్ధతిలో, పక్కనున్నవారు చెప్పాల్సిన ప్రోత్సాహవాక్యాలు కూడా ముందే నిర్ణయమై ఉంటాయి. ఒక బిడ్డను "శెభాష్" అంటూ నడిపించి, మరొక బిడ్డ పక్కన మౌనంగా నిలబడితే కొలత మారిపోతుంది. అంతస్తుల మధ్య ఇరుక్కున్న అమీర్‌పేట క్లినిక్కులలో అంత వరండా దొరకడం కష్టం; వరండా పొట్టిదైతే మలుపులు పెరిగి, మలుపు మలుపుకూ వేగం పడిపోయి, తరిగిన దూరం ఊపిరితిత్తుల లోపంగా నమోదవుతుంది.

అయితే ఉబ్బసం విషయంలో నడక సరిపోదు, ఈ కాలమ్ తన మాట సవరించుకోక తప్పదు. శ్వాసనాళాలు ఎక్కువగా ముడుచుకొనేది పరుగెత్తేటప్పుడు కాదు, ఆగిన తరువాతి నిమిషాలలో. నోటితో వేగంగా పీల్చిన పొడిగాలి నాళాల తడిని లాగేయడమే అందుకు మూలం. కనుక బిడ్డ ముక్కుకు క్లిప్ పెట్టి, ఏసీ గదిలోని ట్రెడ్‌మిల్ మీద, గుండె వేగం గరిష్ఠంలో 80-90 శాతానికి చేరేలా ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు పరుగెత్తించి, ఆగాక అరగంట వరకు విడతలవారీగా స్పైరోమీటర్‌లోకి ఊదించి, మొదటి సెకనులో వదిలే గాలి 10 శాతమో అంతకు మించో తగ్గిందా అని చూడాలి. జూలై ముసురులో హాయిగా పరుగెత్తిన బిడ్డే డిసెంబరు ఉదయపు చలిగాలిలో పిల్లికూతలతో ఆగిపోవచ్చు, వరండా నడక ఆ సంగతిని పట్టుకోలేదు. నడకలోనే ఆక్సిజన్ పడిపోయేంత తీవ్రమైన జబ్బున్న పిల్లలకు మాత్రం అదే సరైన పరీక్ష.

గాలి తగ్గినట్లు తేలిన బిడ్డ విషయంలో వ్యాయామ ఉపాధ్యాయుడికి చేరవలసిన చీటీ వేరు: ఆటకు పావుగంట ముందు డాక్టరు సూచించిన ఇన్‌హేలర్ పీల్చుకోనివ్వాలి, మెల్లగా మొదలుపెట్టనివ్వాలి, ఆగిన తరువాత పది నిమిషాలు కనిపెట్టి ఉండాలి.