దారిద్ర్యరేఖ - వాడ వైపు నుంచి

తెలుగు సాహిత్యం ఆకలిని గుర్తించినంత తొందరగా అంటరానితనాన్ని గుర్తించలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన దగ్గర్నుంచి మన కథల్లో, పాటల్లో పేదవాడు నాయకుడయ్యాడు. మంచిదే. కానీ ఆ పేదవాడి ఇల్లు ఊరికి ఏ దిక్కున ఉంది? వాడి ఆడవాళ్లు ఏ బావిలో నీళ్లు తోడుకుంటారు? చస్తే ఎక్కడ పూడుస్తారు? చాలా రచనల్లో ఈ సంగతులు కనపడవు. చిరిగిన చొక్కా ఉంటుంది, ఖాళీ కుండ ఉంటుంది, ఏడ్చే పిల్లలుంటారు. కులం మాత్రం ఉండదు. కులం చెరిపేసిన పేదవాడి మీద అందరూ జాలిపడొచ్చు. ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు.

సాహిత్యం మాటలతో చేసిన ఈ పనినే ప్రభుత్వ అర్థశాస్త్రం అంకెలతో చేసింది. 1962లో ప్రణాళికా సంఘం వేసిన బృందం మనిషికి నెలకు 20 రూపాయల ఖర్చును కనీసం అంది. 1979లో లెక్క కేలరీల్లోకి మారింది. పల్లెలో రోజుకు 2400, పట్నంలో 2100. 2009లో టెండూల్కర్ కమిటీ పద్ధతి మార్చింది. ఆ పద్ధతిలో 2011-12కు వచ్చిన గీత పల్లెలో నెలకు 816 రూపాయలు, పట్నంలో 1000. అంటే పల్లెలో రోజుకు 27 రూపాయలు ఖర్చుపెట్టేవాడు పేదవాడు కాడు. గీత మరీ కిందికి గీశారని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. న్యాయమైన గొడవ. కానీ గీతను ఎంత పైకి జరిపినా మిగిలిపోయే ప్రశ్న ఒకటుంది. అసలు అది కొలుస్తున్నది దేన్ని?

జీతానికి కుదిరిన పాలేరు సంగతి చూడండి. కామందు ఇంటి పెరట్లోనో, గొడ్లచావిడి దగ్గరో రెండు పూటలా తింటాడు. ఎద్దుకు మేత పెట్టకపోతే ఎద్దు దున్నదు, పాలేరుకు కూడు పెట్టకపోతే పాలేరూ దున్నడు. కాబట్టి కామందు పెడతాడు. కేలరీల్లో తూస్తే ఆ పాలేరు గీతకు పైనే తేలొచ్చు. అప్పు తీరేదాకా అక్కణ్నించి కదలడానికి లేదు. ఇంకొకరి దగ్గర ఎక్కువ జీతం వస్తుందన్నా పోవడానికి లేదు. ఈ బతుకును రద్దు చేయడానికి 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తేవాల్సి వచ్చింది. కూడు దొరికినంత మాత్రాన బతుకు దొరకదని దేశ చట్టమే ఒప్పుకున్నట్టు. దారిద్ర్యరేఖ మాత్రం ఒప్పుకోలేదు.

పేదరికమంటే ఏదో లేకపోవడం అని అందరూ చెప్తారు. వాడలో పేదరికం అంతకంటే ముందు ఒక కట్టడి. శక్తి ఉన్నా శూద్రుడు ధనం కూడబెట్టకూడదని మనుస్మృతి శాసించింది. చండాలుడు ఊరి బయటే ఉండాలి, శవాల మీది గుడ్డలే కట్టుకోవాలి, పగిలిన పాత్రల్లోనే తినాలి అంది. ఇది కరువు కాటకాల వల్ల వచ్చిన లేమి కాదు, రాసిపెట్టిన లేమి. అంబేడ్కర్ 1927 డిసెంబరులో మహద్‌లో ఆ గ్రంథాన్ని తగలబెట్టించింది ఊరికే కాదు. అదే ఏడాది మార్చిలో చౌదార్ చెరువు దగ్గరకు వేలమందిని నడిపించినప్పుడూ ఆయన వాదన ఇదే. ఆ చెరువు నీళ్లు తాగకపోతే మనం చచ్చిపోమన్నాడు. మనమూ మనుషులమేనని తేల్చుకోవడానికి వెళ్తున్నామన్నాడు. దప్పిక గురించి మాత్రమే అయితే ఆ నడక అక్కర్లేదు.

మన భాషలో ఈ సంగతి అందరికంటే బాగా పట్టుకున్నవాడు జాషువా. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో నాయకుడు చెప్పులు కుట్టుకుని బతికే అంటరానివాడు. ఆకలి ఎరిగినవాడు. రాత్రివేళ గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. ఏమని? ఇన్ని గింజలు పంపించమని కాదు. తన బతుకు ఇలా ఎందుకుందో అడగమని. గబ్బిలం గుడిలోపలికి పోగలదు, దేవుడి చెవి దగ్గర వేలాడగలదు, తను పోలేడు. కావ్యం బరువంతా ఆ తేడాలో ఉంది. దీన్ని ఒక నిరుపేద ఆవేదనగా పాఠం చెప్పే మేష్టార్లు సగమే చెప్తున్నారు. ఆ నాయకుడికి రేపు బస్తా బియ్యం ఇచ్చినా ఆ కబురు పంపాల్సిందే.

కథల సంగతి వదిలేసి ఊళ్లలోకి రండి. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దానివల్ల వాడల్లో పొయ్యిలు వెలిగిన మాట నిజం. రెండేళ్లకే, 1985 జూలై 17న కారంచేడు జరిగింది. గొడవ బియ్యం దగ్గర రాలేదు. తాము తాగే చెరువు నీళ్లను మురికి చేయొద్దని మాదిగలు అడిగారు. మున్నంగి సువార్త కొట్టబోయిన చేతికి బిందె ఎత్తింది. మర్నాడు ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి అక్కడే కాలనీ కట్టుకున్నారు గానీ ఆ ఊరికి తిరిగి కాపురానికి పోలేదు. పుట్టిన ఊరు వదిలేసి బాగుపడ్డారా, చితికిపోయారా? 816 రూపాయల లెక్క దీనికేం జవాబు చెప్తుంది?

చుండూరు ఇంకో సంగతి నేర్పింది. అక్కడ మాల యువకులు చదువుకున్నారు, మంచి బట్టలు కట్టారు, సినిమాహాల్లో అందరితో సమానంగా కూర్చున్నారు. కాలు తగిలిందన్న గొడవ తర్వాత అగ్రకులాల వాళ్లు మొట్టమొదట చేసిన పని కూలిపనులు ఆపేయడం. ఆ తర్వాత 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది.

ముందు కడుపు నిండనివ్వండి, ఆత్మగౌరవం తర్వాత చూద్దాం అనే వామపక్ష మిత్రులు ఆ కూలి ఆపేసిన రోజుల గురించి ఆలోచించాలి. ఆకలి నిజం కాదని ఎవరూ అనడం లేదు. ఆకలి అందరికంటే ముందు వచ్చేది వాడకే. కానీ చుండూరులో తల ఎత్తినందుకు వేసిన మొదటి శిక్ష ఆకలి. కూడు ఒక మెట్టు, గౌరవం పై మెట్టు అనుకుంటే ఇది అర్థం కాదు. కూడు పెట్టే చెయ్యే కొట్టే చెయ్యి కూడా అయినచోట రెంటినీ విడదీయలేం.

ఇటీవలి కొలతలు కొంచెం మెరుగయ్యాయి. 2021లో నీతి ఆయోగ్ తెచ్చిన బహుముఖ పేదరిక సూచికలో పోషణ, చదువు, ఇల్లు, కరెంటు, బ్యాంకు ఖాతా వంటి పన్నెండు అంశాలున్నాయి. మంచినీళ్లూ ఉన్నాయి. సురక్షితమైన నీళ్లు వెళ్లి రావడానికి అరగంట లోపు నడకలో దొరికితే ఆ ఇంటికి నీటి లేమి లేనట్టే. నీళ్లు ఎన్ని నిమిషాల దూరమో అడిగారు. ఎవరి వీధిలో ఉన్నాయి, అక్కడ బిందె ముట్టనిస్తారా, తిట్టు తినకుండా తిరిగి రాగలరా అని అడగలేదు. నడిచేది ఆడమనిషి అన్న సంగతీ అందులో లేదు.

ఇక పేద అనే మాటకు ఈమధ్య కొత్త అర్థం పుట్టింది. 2019 జనవరిలో 103వ రాజ్యాంగ సవరణతో ఆర్థికంగా బలహీనవర్గాలకు పది శాతం రిజర్వేషన్ వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీలు ఎంత పేదవాళ్లయినా అందులోకి రారు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు దీన్ని 3-2 మెజారిటీతో సమర్థించింది. కుటుంబానికి ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే అర్హత. 816 రూపాయల గీత ప్రకారం అయిదుగురున్న పల్లె కుటుంబానికి ఏడాదికి 48,960 రూపాయలు. మధ్యలో పెరిగిన ధరలు ఎంత కలిపినా ఈ రెండు అంకెలు ఒక మనిషిని చూసి వేసినవి కావు. ఊళ్లో పేదవాడికి ఒక గీత, వాడలో పేదవాడికి ఒక గీత. కులం లేని పేదరికం గురించి ఇన్నాళ్లూ రాసిన సాహిత్యం చివరికి ఎవరికి ఉపయోగపడిందో మన విమర్శకులు ఆలోచించాలి.

డబ్బు వస్తే ఇవన్నీ పోతాయా? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి గెంటేసిన అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు 2016 జనవరిలో ఆరుబయట వేసుకున్న డేరాకు 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. పరిశోధక విద్యార్థుల్ని ఏ దారిద్ర్యరేఖా పేదలుగా లెక్కపెట్టదు. అయినా ఆ పేరే వాళ్లకు సరిపోయింది. వాళ్లలో రోహిత్ వేముల ఆ నెల 17న ప్రాణం తీసుకున్నాడు. 2021లో తెలంగాణలో దళితబంధు కింద కుటుంబానికి పది లక్షలు ఇచ్చారు. డబ్బు కావాల్సిందే, వద్దనేవాడు వెర్రివాడు. కానీ రెండు గ్లాసుల ఊళ్లో ఆ డబ్బుతో మాదిగ టీ హోటలు పెడితే ఎవరొచ్చి తాగుతారన్నది ఏ చెక్కు మీదా రాసి ఉండదు.

మరి బాగా బతకడానికి ఏం కావాలి? తిండి, గుడ్డ, ఇల్లు కావాలి. సొంత భూమి కావాలి. ఎవర్నీ అడగకుండా తోడుకునే నీళ్లు కావాలి. పిల్లల్ని వేరే వరసలో కూర్చోబెట్టని బడి, దారి మూసేయని శ్మశానం కావాలి. వీటన్నిటికీ ఒక్క పరీక్ష ఉంది: రేపు నీ పొలంలోకి రాను అని కామందు మొహం మీద చెప్పినా ఎల్లుండి పొయ్యి వెలగాలి. ఆ మాట చెప్పగలిగినవాడు గంజి తాగినా పూర్తి పేదవాడు కాడు. చెప్పలేనివాడు మాంసం తిన్నా పేదవాడే.

సర్వేలకు వెళ్లే విద్యార్థులు, సంఘాల్లో పనిచేసేవాళ్లు ఇకనుంచి ఏం తిన్నారని అడగడంతో ఆగకండి. కూలి కాదంటే ఏమవుతుందో అడగండి. నీళ్ల దగ్గర మొదట ఎవరు పట్టుకుంటారో అడగండి. వచ్చిన జవాబుల్ని ఊరివారీగా రాసిపెట్టండి. మన గీత మనమే గీసుకోవాలి.