అడవి పేరుతో అమ్మే క్యాన్సర్ మందు

సంతల దగ్గర, బస్టాండ్ల పక్కన గుడారం వేసి మందులమ్మేవాళ్ల బోర్డు మీద "అడవి మూలికలు" అన్న మాట తప్పకుండా ఉంటుంది. ఇప్పుడా మాట ఫోన్లలోని వీడియోల్లోకీ ఎక్కింది. కీళ్లనొప్పులు, షుగరు, పక్షవాతం వరసలో క్యాన్సర్ కూడా చేరింది. అమ్మేవాడు మన ఊరివాడు కాడు. ఆ సీసాలో ఏముందో మన పెద్దలకూ తెలియదు. నమ్మకం మాత్రం మనది. మన గురువులు, ముసలమ్మలు తరాలుగా సంపాదించిన పేరును వాడు పెట్టుబడి లేకుండా వాడుకుంటున్నాడు. అందుకే ఈ వ్యాపారాన్ని ముందుగా ప్రశ్నించాల్సింది మనమే.

మన వైద్యం ఎక్కడ బలమైనదో ఒకసారి ఆలోచిద్దాం. పుండుకు పసరు కడితే మానిందో లేదో పది రోజుల్లో తెలుస్తుంది. జ్వరానికి నేలవేము కషాయం తాగిస్తే తగ్గిందో లేదో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. పని చేయని ఆకును పెద్దలు వదిలేశారు, చేసినదాన్ని తరువాతి తరానికి చెప్పారు. అనుభవమే పరీక్ష. క్యాన్సర్ దగ్గర ఈ పరీక్ష నిలవదు. అది ఒక జబ్బు కాదు, వందకు పైగా జబ్బులకు ఉమ్మడి పేరు. కొన్ని నెలల్లో ముదురుతాయి, కొన్ని ఏళ్ల తరబడి నిదానంగా సాగుతాయి. ముక్క తీసి పరీక్షించకుండా ఒక గడ్డ క్యాన్సరో కాదో చూపుతో చెప్పడం ఎవరివల్లా కాదు. మామూలు గడ్డ కరిగిపోతే "క్యాన్సర్ పోయింది" అన్న ప్రచారం పుడుతుంది. నిజంగా క్యాన్సర్ ఉన్నవాళ్లు చనిపోతే ఆ సంగతి ఏ బోర్డు మీదా రాయరు.

"చెట్లలో క్యాన్సర్ మందు లేదా?" అని కొందరు అడుగుతారు. ఉంది. మన ఇళ్ల ముందు పూసే బిళ్ళగన్నేరును చాలా దేశాల్లో షుగరు మందుగా వాడేవారు. 1950లలో కెనడా శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షిస్తుంటే రక్తంలో తెల్లకణాలు తగ్గడం కనిపించింది. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. పిల్లల రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ నేటికీ ముఖ్యమైన మందు. కానీ దాన్ని ఒకసారికి ఒకటి రెండు మిల్లీగ్రాములే, అదీ నరంలోకే ఎక్కిస్తారు. నరం దాటి చుట్టుపక్కల కారితే కండ చెడిపోతుంది, మోతాదు మించితే నాడులు దెబ్బతింటాయి. ఆకులో అది ఎంత తక్కువంటే, కొద్ది గ్రాముల మందుకు క్వింటాళ్ల కొద్దీ ఆకు కావాలి. అంటే గుప్పెడు ఆకు నూరి తాగితే అందాల్సిన మందు అందదు, ఆకులోని మిగతా విషాలు మాత్రం కడుపులోకి పోతాయి. చెట్టుకు శక్తి ఉందన్న మాట నిజమైతే, దాన్ని లెక్క లేకుండా తాగకూడదన్న మాటా నిజమే.

దీనికి లెక్కలు కూడా ఉన్నాయి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు, జబ్బు ఇతర భాగాలకు పాకని దశలో ఉన్న రోగులను పోల్చి చూశారు. ఆసుపత్రి వైద్యం పూర్తిగా మాని ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్నవాళ్లలో చనిపోయే ప్రమాదం 2.5 రెట్లు కనిపించింది. రొమ్ము క్యాన్సర్‌లో అది 5 రెట్లు దాటింది. 2018లో వాళ్లే మరో పరిశీలన ప్రకటించారు. ఆసుపత్రి వైద్యం కొంత తీసుకుంటూ మూలికలు, ఇతర పద్ధతులు కలిపినవాళ్లలో ప్రమాదం రెట్టింపు ఉంది. ఎందుకంటే వాళ్లలో ఎక్కువమంది ఆపరేషనో, కీమోనో, రేడియేషనో వద్దనుకున్నారు. కాలయాపన, నిరాకరణ ఎంత ప్రాణాంతకమో ఈ లెక్క చెబుతోంది.

మన ప్రాంతంలో ఈ ఆలస్యానికి రూపం ఉంది. అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో తెల్లమచ్చ వస్తుంది. నొప్పి ఉండదు, ఎవరూ పట్టించుకోరు. పుండయ్యాక పూత మందు మొదలవుతుంది. నల్లజీడి వంటివి రాస్తే చర్మం బొబ్బలెక్కుతుంది, అసలు పుండు ఎంత ఉందో కూడా తెలియకుండా పోతుంది. కీమో నడుస్తున్నప్పుడు గుట్టుగా పసరు తాగడంలో మరో ప్రమాదం ఉంది. రెండింటినీ మార్చి బయటికి పంపే పని చాలావరకు కాలేయానిదే. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో శుభ్రం లేని పచ్చి రసం ప్రాణం మీదికి తెస్తుంది.

తప్పంతా రోగి మీద వేయడం అన్యాయం. డోలీలో మోసుకొచ్చిన మనిషిని కసురుకునే ఆసుపత్రికి రెండోసారి ఎవరు వెళ్తారు? "పసరు తాగావా?" అని డాక్టరు కోపంగా అడిగితే రోగి లేదంటాడు. అడగాల్సిన తీరులో అడిగితే నిజం చెబుతాడు, దానివల్ల ప్రాణం నిలుస్తుంది. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఉంది. అక్కడిదాకా దారి, తోడు, మన భాష తెలిసిన మనిషి కావాలని అడగడం మన హక్కు.

ఉపాధ్యాయులు ఒక పాఠం చెప్పవచ్చు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి ప్రకటనను తరగతిలో పెట్టి "ఎంతమందికి ఇచ్చారు, ఎంతమంది బతికారు, ఎవరు లెక్కపెట్టారు?" అని పిల్లలచేత అడిగించాలి. మన మొక్కల పేర్లు, వాడకాలు రాసిపెడుతున్న యువత అదే పుస్తకంలో ఇంకో గడి గీయాలి: ఎవరికి పని చేయలేదు? మందు కట్టే పెద్దలతోనూ కూర్చుని మాట్లాడాలి. మూడు వారాలు దాటినా మానని పుండు, పెరుగుతున్న గడ్డ, కారణం లేకుండా పోతున్న రక్తం కనిపిస్తే, "ముందు పరీక్ష చేయించుకో" అన్న మాట వాళ్ల నోటి నుంచే రావాలి. ఊరు వాళ్ల మాట వింటుంది.