చతురంగసంఖ్యా పద్యము: అర్థనిర్ణయము

పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన చతురంగసంఖ్యా పద్యము పాఠశాలలలో ధారణకు నికషముగను, సభలలో వినోదముగను చెల్లుచున్నది. దాని గుణ మంతమాత్రమే యనుట న్యాయము కాదు.

చతురంగపు 64 గడులలో మొదటిదాన నొక గింజ నుంచి, గడిగడికి రెట్టించుచు బోయినచో మొత్తము 18446744073709551615 అగును. ఈ యిరువది యంకెలను కవి భూతసంఖ్యలతో, ఒకట్ల స్థానము మొదలుకొని యెడమకు నడపి, చంపకమాలలో నిమిడ్చెను.

చిక్కు మూడు పదములకడ నున్నది. సముద్రవాచకము రెండుమాఱులు వచ్చినది. సముద్రములు నాలుగనియు నేడనియు వ్యవహారము కలదు. రంధ్రశబ్దము తొమ్మిదింటికిని, కొందఱిచే శూన్యమునకును వాడబడినది. కావున పద్యమునకు ఎనిమిది యర్థములు పొసగును. వ్యాఖ్యాతలు నాలుగు, తొమ్మిది యని చెప్పి ముగింతురు. ఏల యనగా ఫలము సరిపోవుటచేత నందురు. ఫలము ముందే యెఱిగినవానికిగాని యీ సమాధానము చాలదు.

సంఖ్య స్వభావమే నిర్ణయము చేయగలదు. మొదటి వరుస యెనిమిది గడుల మొత్తము 255. ప్రతి తరువాతి వరుసయు పైదానికి 256 రెట్లు. కావున సర్వమొత్తము 255 చేత, అనగా 3, 5, 17 లచేత, నిశ్శేషముగ భాగింపబడవలెను. ఎనిమిది యర్థములును 5తో అంతమగును. అంకెల మొత్తము 87. నాలుగు ఏడైనను, తొమ్మిది సున్నయైనను భేదము మూటి గుణిజమే. కావున 3, 5 అను పరీక్షలు దోషమును పట్టజాలవు. 17తో భాగించి చూచినచో ఒక్క యర్థమే నిలుచును, లబ్ధము 1085102592571150095. తక్కిన యేడింటను శేషము మిగులును.

ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు వేర్వేఱు ప్రధానసంఖ్యల లబ్ధము. కావున వర్గభాజకము లేనిది, భాజకములు 128, తానుగాక తక్కిన భాజకముల మొత్తము తనకు తక్కువ యగుటచే న్యూనసంఖ్య. 2 యొక్క 32వ ఘాతమునకు ఒకటి చేర్చిన సంఖ్య ప్రధానమని ఫెర్మా తలచెను. 641 దానిని భాగించునని 1732లో ఆయిలరు చూపెను. ఆ 641 యును ఇందే యున్నది.

మల్లన తెనిగించిన గణితసారసంగ్రహమునకు కర్త, 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని స్తుతించిన మహావీరాచార్యుడు. కన్నడసీమకు చేరువనున్న మదనపల్లె, పుంగనూరులును, తమిళసీమనుగూడ తాకు కుప్పమును ఇట్టి యిచ్చిపుచ్చుకోళ్ళ నెఱిగిన తావులు. కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపితమైనది. అట్టి తావుల పండితులు ఈ పద్యమును వల్లె వేయించుటతో విడువక, బాలురచే 17తో భాగింపజేయుట యుచితము. ఛందస్సు అక్షరమును కాచును. అర్థమును కాచునది యిచ్చట గణితమే.